నాయకుల నోట దేవుడి మాట ఎందుకు?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. స్కూల్లో టీచర్‌గా పనిచేస్తున్నాను. మా నాన్న రైతు. యాదగిరి నర్సన్న అంటే ఆయనకు ప్రాణం. స్వాతి నక్షత్రం రోజున గుట్టకు వెళ్లి గిరిప్రదక్షిణ చేసి వస్తారు. మొన్న ఎన్నికల సభకు నాన్న, నేను, మా స్కూల్లోనే పనిచేసే ఒక ముస్లిం టీచర్ కలిసి వెళ్లాం. నాయకుడు మైకు అందుకోగానే జనం చేత గోవింద నామం చెప్పించాడు. "నర్సన్న మీద ఒట్టు, మీ చెరువుకు నీళ్లు తెస్తా" అన్నాడు. నాన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. కాసేపటికి అదే నాయకుడు "మన దేవుణ్ణి మొక్కేవాళ్లకే మన ఓటు" అన్నాడు. నా స్నేహితురాలు తలనొప్పిగా ఉందని చెప్పి మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక నేను "ఓట్ల కోసం దేవుణ్ణి వాడుకుంటున్నారు నాన్నా" అన్నాను. "చదువు ఎక్కువై నీకు భక్తి పోయింది" అన్నారు. అప్పట్నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. నీళ్లు, రోడ్ల గురించి చెప్పాల్సిన నాయకులు దేవుడి గురించి ఎందుకు చెబుతారు? నాకు ఇబ్బందిగా అనిపించడం తప్పా? నాన్నతో ఎలా మాట్లాడాలి?

జవాబు: టీచర్ గారూ, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. మీకు ఇబ్బంది అనిపించడం తప్పు కాదు. దానికీ మీ భక్తికీ సంబంధం లేదు.

1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో పీఠిక మీద చర్చ జరిగింది. హెచ్.వి. కామత్ ఒక సవరణ తెచ్చారు. పీఠిక 'దేవుడి పేరిట' అన్న మాటతో మొదలవ్వాలని ఆయన కోరిక. మనస్ఫూర్తిగానే అడిగారు. దాన్ని కాదన్నవాళ్లు దేవుడంటే గిట్టనివాళ్లేం కారు. దేవుడి మీద ఓటు వేయాల్సిన ఇబ్బందిలోకి మమ్మల్ని నెట్టొద్దని పూర్ణిమా బెనర్జీ కామత్‌ను వేడుకున్నారు. ఒక్కొక్క మనిషి మనసుకు సంబంధించిన విషయంలో అందరి అభిప్రాయం అంటూ ఒకటి తెచ్చి ఎవరి మీదా రుద్దకూడదని హృదయనాథ్ కుంజ్రూ అన్నారు. కామత్ వెనక్కి తగ్గలేదు. ఓటింగ్ జరిగింది. సవరణకు 41 ఓట్లు వస్తే వ్యతిరేకంగా 68 వచ్చాయి. అదే సభ మంత్రులు, ఎమ్మెల్యేల ప్రమాణంలో మాత్రం రెండు దారులు ఉంచింది. ఇష్టమున్నవాళ్లు దైవసాక్షిగా అనవచ్చు, లేనివాళ్లు ఆత్మసాక్షిగా అనవచ్చు. నమ్మేవాడి నమ్మకానికీ చోటు ఉంది, ఎవరినీ బలవంతపెట్టకపోవడానికీ చోటు ఉంది. సభలో మీరు పడ్డ ఇబ్బంది ఆనాడు పూర్ణిమా బెనర్జీ పడ్డ ఇబ్బందే. అది చాలా గౌరవమైన ఇబ్బంది.

ఇక నాయకులు అలా ఎందుకు మాట్లాడతారన్నది. రిపోర్టరుగా చాలా ఏళ్లు సభల చుట్టూ తిరిగాను, చూసింది చూసినట్టు చెబుతాను. నాయకుడు మధ్యాహ్నం మూడింటికి రావాలి, సాయంత్రం ఆరు దాటినా జాడ ఉండదు. ఆటోల్లో, ట్రాక్టర్లలో తెచ్చిన జనం ఎండలో కూర్చుని ఉంటారు. మంచినీళ్ల ప్యాకెట్లు అయిపోయి ఉంటాయి. అప్పటికే మండల స్థాయి వాళ్లు పదిమంది మాట్లాడి విసిగించి ఉంటారు. వెనక వరసల్లో లేచి వెళ్లడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడు నాయకుడు స్టేజీ ఎక్కుతాడు. చేతిలో కాగితం ఉంటుంది, అందులో ఎకరాలు, కోట్లు, టీఎంసీలు ఉంటాయి. వాటితో మొదలుపెడితే ఆ జనం నిలవరు. "గోవిందా" అంటే మాత్రం ఎవరూ చెప్పకుండానే "గోవింద" అంటారు. "హరహర" అంటే "మహాదేవ" అంటారు. హరికథలు, బుర్రకథలు, భజనలు విని పెరిగిన జనం మనది. ఎక్కడ గొంతు కలపాలో చిన్నప్పుడే నేర్చుకున్నాం. అరనిమిషంలో విడివిడిగా ఉన్న వేలమంది ఒక్క గొంతు అయిపోతారు. ఆ గొంతు దేవుడి కోసం లేచింది, కానీ అది లేచినప్పుడు స్టేజీ మీద ఉన్నది నాయకుడు. ఆ వెంటనే ఆయన చెప్పే మొదటి మాట, అది ఏదైనా సరే, ఆ వేడిలోనే జనం చెవిన పడుతుంది. వెనక నిలబడి ముఖాలు చూస్తుంటే ఆ మార్పు స్పష్టంగా తెలుస్తుంది. మీ నాన్నగారు చేతులెత్తింది నాయకుడికి కాదు, నర్సన్నకు. ఆ తేడా ఆయనకు తెలుసు. నాయకుడికి తెలుసో లేదో నేను చెప్పలేను. కానీ టీవీలో, ఫోన్లలో ఆ దృశ్యం చూసినవాళ్లకు మాత్రం జనం నాయకుడికి దండం పెట్టినట్టే కనిపిస్తుంది.

ఇంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. నాయకుల మాట మీద జనానికి నమ్మకం పోయింది. ఆ సంగతి అందరికంటే బాగా నాయకులకే తెలుసు. తన మాట చెల్లదని తెలిసినవాడు పూచీకత్తు కోసం ఇంకొకరిని వెతుక్కుంటాడు. బ్యాంకులో అప్పు తీసుకునేటప్పుడు ఊళ్లో పెద్దమనిషి చేత సంతకం పెట్టించినట్టు, సభలో దేవుడి చేత పెట్టిస్తారు. మన రెండు రాష్ట్రాల్లో ఇది ఏ ఒక్క పార్టీ అలవాటో కాదు. 2019 మే 30న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజున జగన్‌మోహన్ రెడ్డి, మేనిఫెస్టో తనకు భగవద్గీత, బైబిల్, ఖురాన్‌తో సమానమన్నారు. 2022 అక్టోబరులో, మునుగోడు ఉప ఎన్నిక ముందు, ఎమ్మెల్యేల కొనుగోలు ఆరోపణల మీద బండి సంజయ్ యాదాద్రి వెళ్లి తడి బట్టలతో ప్రమాణం చేశారు. 2023 ఏప్రిల్‌లో డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ వచ్చినప్పుడు రేవంత్ రెడ్డి చార్మినార్ దగ్గర భాగ్యలక్ష్మి గుడిలో ప్రమాణం చేశారు. ఆరోపణ చేసిన నాయకుడు ఎవరైనా, ఎదుటివాళ్ల జవాబు ఒకటే: గుడికి రా, తడి బట్టలతో ప్రమాణం చేద్దాం!

ఇక్కడ జరుగుతున్నదేమిటో ఒక్కసారి గమనించండి. డబ్బు చేతులు మారిందా లేదా అన్నది బ్యాంకు ఖాతాల్లో, ఫోన్ రికార్డుల్లో, కోర్టు ఫైళ్లలో తేలాల్సిన విషయం. గుడి మెట్ల మీద ప్రమాణం అయ్యాక ఆ వివరాలన్నీ పక్కకు పోతాయి. ఎవరు తడిశారు, ఎవరు రాలేదు, ఎవరు కంటతడి పెట్టారు అన్నదే వార్త అవుతుంది. మీ జిల్లాకు బాగా తెలిసిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఏ జిల్లాకు వెళ్తే ఆ జిల్లా దేవుడి మీద ఒట్టు వేసి, ఆగస్టు 15లోగా రెండు లక్షల దాకా రుణమాఫీ చేస్తానన్నారు. ఆగస్టు వచ్చింది. మాఫీ పూర్తయిందని ప్రభుత్వం, కాలేదని ప్రతిపక్షం. హరీశ్ రావు యాదగిరిగుట్టకు వెళ్లి, ఒట్టు తప్పిన పాపం జనానికి తగలకూడదని పూజ చేసి వచ్చారు. ఆ నెలలో రైతు తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. 2018 డిసెంబరు 12కూ 2023 డిసెంబరు 9కీ మధ్య తీసుకున్న అప్పుకే మాఫీ అన్నారు, నా అప్పు ఆ తేదీల్లోకి వస్తుందా? కుటుంబాన్ని రేషన్ కార్డును బట్టి చూస్తామన్నారు, కార్డు లేకపోతే ఏమిటి? అసలు, వడ్డీ కలిపి రెండు లక్షలు దాటితే పైది ముందు నేను కట్టాలా? బ్యాంకు చుట్టూ తిరుగుతున్న రైతుకు ఇవి చావుబతుకుల ప్రశ్నలు. ఒట్టు నిలిచిందా తప్పిందా, పాపం ఎవరికి అన్న వాదంలో పడితే వీటికి జవాబు రాదు. దేవుడి పేరు వచ్చిన చోట లెక్క అడగడానికి మనకే నోరు రాదు. నాయకుడికి దొరికే అసలు లాభం అది. మన పెద్దవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అన్న మాట ఊరికే పుట్టలేదు.

2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి గొడవ గుర్తుండే ఉంటుంది. విచారణ మొదలు కాకముందే ఆరోపణ రాజకీయ వేదిక మీద నుంచి వచ్చింది. తిరుమల ప్రసాదం కళ్లకద్దుకుని తిన్న ఎంతోమంది ముసలివాళ్లు ఆ రోజుల్లో ఎంత టెన్షన్ పడ్డారో నేను చూశాను. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు కనీసం దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచండి అని అడగాల్సి వచ్చింది. తరవాత సీబీఐ పర్యవేక్షణలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఎవరి తప్పన్నది దర్యాప్తు తేల్చాల్సిన సంగతి. నన్ను బాధపెట్టింది మాత్రం వరస తారుమారు కావడం. ముందు భక్తుడి గుండె అదిరింది, ఆ తరవాతే విచారణ మొదలైంది.

అయితే దేవుడి మాట రాజకీయాల్లో వినిపించిన ప్రతిసారీ మోసమేనని అనలేను. అలా అంటే మన చరిత్రకే అన్యాయం చేసినట్టవుతుంది. చీరాల, పేరాలను మునిసిపాలిటీ చేసి పన్నులు మోయలేనంతగా పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జనాన్ని కూడగట్టారు. ఆయన వాలంటీర్ల దళం పేరు రామదండు. గాంధీ సలహా తరవాత వేలాదిమంది ఇళ్లు వదిలి ఊరి బయట పందిళ్లు, గుడిసెలు వేసుకున్నారు. ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకుని ఎండల్లో, వానల్లో దాదాపు 11 నెలలు ఉన్నారు. దుగ్గిరాల జైలుకెళ్లారు. అక్కడ రాముడి పేరు పన్ను అన్న అసలు ప్రశ్నను కప్పిపెట్టలేదు, దాన్ని పట్టుకుని నిలబడే ధైర్యం ఇచ్చింది. నాయకుడు జనాన్ని ఎంత కష్టపడమన్నాడో తనూ అంత కష్టపడ్డాడు. అలాంటి నోట దేవుడి పేరు వింటే నాకూ చేతులెత్తాలనిపిస్తుంది.

మంచి మనసుతో అన్న మాట కూడా అందరికీ ఒకేలా వినిపించదు. గాంధీ రామరాజ్యం అన్నప్పుడు ఎదుటివాళ్లలో కొందరికి అది హిందూ రాజ్యంలా వినిపించింది. అందుకే 1929లో ఆయన తన పత్రికలో, రామరాజ్యమంటే నా ఉద్దేశం హిందూ రాజ్యం కాదు, దైవ రాజ్యం అని వివరణ రాసుకోవాల్సి వచ్చింది. గాంధీ అంతటి మనిషికే తప్పనప్పుడు మండల నాయకుడు ఎంత జాగ్రత్తగా మాట్లాడాలి!

ఎన్టీ రామారావు సంగతి మీ నాన్నగారి తరానికి కళ్లముందు జరిగినదే. తెరమీద రాముడిగా, కృష్ణుడిగా చూసిన మనిషి 1982లో పార్టీ పెట్టి చైతన్య రథం మీద ఊరూరా వస్తే, హారతులు పట్టిన ఆడవాళ్లు ఎందరో. "సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు" అన్నది ఆయన నినాదం. ఆ మాటలో ఎవరినీ బయట నిలబెట్టలేదు. గుడికెళ్లేవాడూ, మసీదుకెళ్లేవాడూ, చర్చికెళ్లేవాడూ ఆ ప్రజల్లో ఉన్నారు. అది నాకు నచ్చుతుంది. కానీ జనానికి నాయకుడే దేవుడైపోయే ప్రమాదం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 1949 నవంబరు 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో దీని గురించే హెచ్చరించారు. మతంలో భక్తి ఆత్మకు ముక్తి మార్గం కావచ్చు గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి అన్నారు. మీరు మీ పిల్లలకు సోషల్ చెప్పే టీచరైతే ఆ ప్రసంగం ఒకసారి క్లాసులో చదివించండి.

ఇక ఆ సభలో వినిపించిన మూడో మాట. "మన దేవుణ్ణి మొక్కేవాళ్లకే మన ఓటు". గోవింద నామం వేరు, ఒట్టు వేరు, ఇది వేరు. దీన్ని మీరు మిగతావాటితో కలిపి చూడొద్దు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 123(3) సెక్షన్ ప్రకారం అభ్యర్థి గానీ, ఆయన ఏజెంటు గానీ, వాళ్ల అనుమతితో మరొకరు గానీ మతం పేరు చెప్పి ఓటు వేయమన్నా, వేయొద్దన్నా అది అవినీతి చర్య. రుజువైతే గెలిచిన ఎన్నిక కూడా రద్దవుతుంది. 1987లో ముంబయి విలేపార్లే ఉప ఎన్నికలో గెలిచిన రమేశ్ ప్రభు పదవి అలాగే పోయింది. ఆయన కోసం ప్రసంగాలు చేసిన బాల్ ఠాక్రే ఆరేళ్లపాటు ఓటు హక్కు కోల్పోయారు. అయితే ఆ తీర్పు వచ్చిన 1995 డిసెంబరు 11నే సుప్రీంకోర్టు మనోహర్ జోషి కేసులో మరోలా చెప్పింది. మహారాష్ట్రలో మొదటి హిందూ రాష్ట్రం వస్తుందనడం ఆశ మాత్రమే, ఓటు అడగడం కాదంది. ఆ సందు చూసుకుని మాట్లాడటం నాయకులు బాగా నేర్చుకున్నారు. 2017 జనవరి 2న ఏడుగురు జడ్జీల బెంచి, నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా నేరుగా ఈ సెక్షన్ కిందికే వస్తుందని తేల్చింది. 

మీరు చేయగలిగింది ఉంది. ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడు సీవిజిల్ యాప్‌లో అక్కడికక్కడే వీడియో తీసి పంపితే 100 నిమిషాల్లో స్పందించాలన్నది ఎన్నికల సంఘం పెట్టుకున్న నియమం. గెలిచిన అభ్యర్థి మీద కేసు వేయాలంటే ఆ నియోజకవర్గం ఓటరు ఎవరైనా ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా హైకోర్టుకు వెళ్లవచ్చు. ఆ దారి కష్టం. లాయరు, సాక్ష్యాలు, ఏళ్ల తరబడి తిరగడం ఉంటాయి. మీరు ప్రభుత్వ టీచరైతే రాజకీయ కార్యక్రమాలకు దూరంగా ఉండాలన్న సర్వీసు నిబంధనలు కూడా గుర్తుపెట్టుకోవాలి. కేసులు వేయమని నేను మిమ్మల్ని తొందరపెట్టను.

తొందరపెట్టేది ఒక్క విషయంలోనే. మీ స్నేహితురాలి దగ్గరికి ఇవాళే వెళ్లండి. తలనొప్పి గురించి అడగొద్దు. "ఆ మాట నాకూ నచ్చలేదు" అని చెప్పండి చాలు. ఆమె ఆ రోజు నుంచి స్టాఫ్ రూములో మీ అందరి ముఖాలూ చూస్తూ, వీళ్లలో ఎంతమందికి ఆ మాట నచ్చిందోనని అనుకుంటూ ఉండి ఉంటుంది. మీకు ఆ సంగతి తట్టకపోవచ్చు. ఆమెకు తట్టకుండా ఉండదు.

ఇప్పుడు నాన్నగారు. మీరు అన్న మాటలో తప్పు లేదు, అన్న సమయం బాగోలేదు. ఆయన ఇంకా నర్సన్న తలపులోనే ఉన్నారు. దేవుణ్ణి వాడుకుంటున్నారని మీరంటే, నువ్వు మోసపోయావు, నీ భక్తి అమాయకత్వం అన్నట్టు వినిపించింది. ఆయన కోపం నాయకుడి తరఫున వచ్చింది కాదు, తన భక్తిని కాపాడుకోవడానికి వచ్చింది. కాబట్టి దేవుడి ప్రస్తావనే తేకండి. వీలైతే ఈసారి స్వాతి నక్షత్రానికి ఆయనతో పాటు గుట్టకు మీరూ వెళ్లండి. ఏదో నిరూపించడానికి వద్దు, మీకు కూడా మనస్ఫూర్తిగా వెళ్లాలనిపిస్తేనే.

ఆ తరవాత ఎప్పుడో, పొలం దగ్గరో, భోజనాల దగ్గరో, చెరువు సంగతి ఎత్తండి. చెరువు గురించి మీకంటే ఆయనకే బాగా తెలుసు. అందుకని మీరు చెప్పొద్దు, ఆయన్నే అడగండి. మన చెరువులోకి నీళ్లు రావాలంటే ఏ కాలువ నుంచి రావాలి? ఆ కాలువ ఎక్కడిదాకా తవ్వారు? మధ్యలో ఎవరి భూములు పోతాయి, పరిహారం ఎవరికి అందలేదు? లిఫ్టు పెట్టాలంటే కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఆ నాయకుడు వీటిలో ఒక్కదానికైనా జవాబు చెప్పాడా? ఇన్నేళ్లు వ్యవసాయం చేసిన మనిషి ఈ ప్రశ్నల దగ్గర మిమ్మల్ని మించిపోతారు. నాకు ఆ నమ్మకం ఉంది. నర్సన్న పేరు తీసేశాక ఆ వాగ్దానంలో ఏం మిగిలిందో ఆయనే లెక్కవేస్తారు. గట్టిగా ఏమైనా మిగిలితే అది మంచిదే, ఓటు వేయొచ్చు కూడా. మిగలకపోతే ఆయనకు కోపం వస్తుంది, ఈసారి సరైనవాళ్ల మీద.

మూడో మాట గురించి కూడా ఆయనతో మాట్లాడాలి, కానీ అదే రోజు వద్దు. మాట్లాడినప్పుడు చట్టం, సెక్షన్లు చెప్పకండి. మీ స్నేహితురాలు మధ్యలో ఎందుకు లేచి వెళ్లిందో చెప్పండి. ఆ అమ్మాయి ఆయనతో కలిసి సభకు వచ్చింది. తన పక్కన కూర్చున్న మనిషిని ఒకడు మైకులో బయటికి పొమ్మంటే, ఆ మాట నర్సన్న పేరు మీద అంటే, దానికి ఆయన ఒప్పుకుంటారా లేదా అన్నది ఆయన్నే అడగండి. జవాబు వెంటనే రాకపోయినా పర్లేదు. నాలుగు రోజులు ఆగండి. ఆ అమ్మాయిని మామూలుగానే భోజనానికి పిలవండి. చెరువు కాలువ గురించి మీ నాన్నగారు చెప్పినవి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చే గ్రామసభలో ఆ ప్రశ్నలు ఆయన చేతే అడిగించవచ్చు. పక్కన మీరు కూర్చోండి.